పెట్టె మీద అరచేయి

“ఇది ఎన్నొద్దులు నిలుస్తది, బిడ్డా?”

“నాకూ తెల్వదవ్వా. నువ్వే జర చేయి పెట్టి చూస్తుండు.”

అంతే, కొత్తకోట బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆ పిల్ల బస్సెక్కిపోయింది. నా ఒళ్లో మా జిరాక్సు దుకాణం కంప్యూటరు పెట్టె ఉంది. అది వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంటే బాగుచేయించడానికి తెచ్చాను. ఆయన పోయాక నేనూ నా కూతురు సుజాతా బతికేది దానిమీదే. ఆ పిల్ల బస్సు వచ్చేలోపు పెట్టె విప్పి, లోపలి చిప్పు బిళ్ల మీద పాత సున్నంలా ఎండిన ముద్దను గుడ్డతో తుడిచింది. తన సంచిలోంచి తీసి బియ్యపు గింజంత కొత్త ముద్ద పెట్టింది. బిళ్లలోని వేడిని ఫ్యాను దాకా చేర్చేది ఆ ముద్దేనట. ఏ ముద్ద ఎన్నాళ్లకు ఎండుతుందో చూడడమే ఆమె ఉద్యోగమట.

“ఇంకింత పెట్టరాదు, పిసినారిదానా?” అన్నాను.

“ఇది పచ్చడి కాదవ్వా, ఎక్కువైతే పాడైతది,” అని నవ్వింది.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకు పెట్టె మీద అరచేయి పెడుతున్నాను. రెండు ఎండాకాలాలు చల్లగానే ఉంది. మొన్నటి అమావాస్యకు చేయి చురుక్కుమంది. ఈ మాట ఆమెకు చెప్పాలి. పేరైతే అడగలేదు. అందుకే రాయిస్తున్నాను, ఎక్కడైనా చదువుతుందని.

అంతా టైపు కొట్టినవా సుజాతా? పెట్టె ఆగకముందే ఒకసారి చదివి వినిపించు.