ట్రాన్స్‌ఫర్ కాని పి.ఆర్. ఆఫీసరు

ఎచ్చెర్లలో ఎం.బి.ఎ. పూర్తిచేసి బయటికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదనే అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమాకి నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. తోటివాళ్లంతా విశాఖపట్నమనీ, హైదరాబాదనీ రైళ్లెక్కేస్తుంటే, నేను మాత్రం శ్రీకాకుళంలోనే పబ్లిక్ రిలేషన్స్ ఏజెన్సీ పెడతానని ఇంట్లో ప్రకటించాను. (ఏడాది తిరిగేసరికి దాన్ని విశాఖ బీచ్ రోడ్డుకి మార్చేస్తానని కూడా అన్నాను. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.) మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు. బిందె తుడుస్తున్నవాడల్లా ఆగి, "ఇంతకీ ఏటమ్ముతావమ్మా?" అన్నాడు. "పేరు నాన్నా. మనుషులకి మంచి పేరు తెచ్చిపెట్టడం" అన్నాను. ఆయన "సరుకు కంటికి కనబడదు, తూకం లేదు, సొట్టపోతే సరిచేసీడానికీ లేదు. ఇదేటి యాపారమే గుంటా!" అని మళ్లీ బిందె అందుకున్నాడు.

కలెక్టరాఫీసుకి వెళ్లే దారిలో, మందుల షాపు మీద గది దొరికింది. బోర్డు రాసేవాడు కొలత చూసి, "పబ్లిక్ రిలేషన్సంటే పట్టదు మేడమ్, పి.ఆర్. అని కొట్టేద్దాం. దూరానికి కనిపిస్తాది" అన్నాడు. కొట్టేశాడు. దూరానికి బాగానే కనిపించింది. మా జిల్లాలో పి.ఆర్. అంటే పంచాయతీరాజ్ అని, రోడ్లూ కల్వర్టులూ వేయించే ఆఫీసని, పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఎం.బి.ఎ. చదివిన నాకే తట్టలేదు. పైగా ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సు. అర్జీలు పట్టుకుని జిల్లా అంతా ఆ దారినే పోతుంది. మొదటి సోమవారం నా మెట్లు కిటకిటలాడిపోతుంటే, క్లయింట్లే అనుకుని అందరికీ టీలు తెప్పించాను. టీ తాగి ఒకాయన బోరు పాడయిందన్నాడు, ఇంకొకావిడ వీధిలైటు వెలగడం లేదంది. నా వ్యాపారం ఆ రోజే ఇంచుమించు తేలిపోయింది.

ఆ గుంపులో చివరికి మిగిలినవాడే మా కల్వర్టు తాత. టెక్కలి అవతల ఉద్దానం ఊళ్లలో రైతు. మెట్లెక్కిన ఆయాసంతో నా ఒక్కగానొక్క క్లయింటు కుర్చీలో కూర్చుని, "ఆపీసరమ్మా, మా గెడ్డ మీద కల్వర్టు తుపానులో కొట్టుకుపోనాది. సూడాల నువ్వు" అన్నాడు. (మా జిల్లాలో వాగుని గెడ్డంటారు.)

"తాతా, ఇది మీరనుకునే ఆఫీసు కాదు."

ఆ మాట వినగానే ఆయన మొహం వికసించింది. "అదిగో! నువ్వు ఆపీసరువే. నానెక్కిన పెతీ ఆపీసులోనీ ముందు ఈ మాటే సెప్పినారు."

పబ్లిక్ రిలేషన్స్ అంటే ఏమిటో ఓపిగ్గా వివరించాను. ఆయన కూడా ఓపిగ్గా విని, "అంటే పేరు తెప్పిస్తావా?" అన్నాడు. అవునన్నాను. "అయితే మా గెడ్డకి తెప్పించు. దాని పేరు ఎవులికీ తెలకే కదా, ఎవులూ రావట్లేదు." ఇంత చక్కటి బ్రీఫింగు ఈనాటి వరకూ ఏ క్లయింటూ నాకు ఇవ్వలేదు.

ప్రతి సోమవారం వచ్చేవాడు. ఒకసారి భుజం మీద పనసకాయ పెట్టుకుని వచ్చాడు (గది వారం రోజులు పనస వాసన వేసింది, మంచి పేరు కోసం వచ్చిన ఒక డాక్టరుగారు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు). నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. ఆయన భార్యకి మూత్రపిండాలు పాడైపోయాయి. ఉద్దానంలో ఇది ఇంటింటి కథ, విని ఆశ్చర్యపోయేవాడు కూడా ఉండడు. "వారానికి మూడు మాట్లు రకతం కడిగించాల. బండి గెడ్డకి ఇవతలే ఆగిపోతాది. ముసల్దాన్ని పిలాస్టిక్ కుర్సీలో కూకోబెట్టి, కొడుకూ అల్లుడూ నీళ్లలో మోస్తన్నారు. దాని బెంగ దాని గురించి కాదమ్మా. 'ఈళ్ల బుజాలు పడిపోతన్నాయి, నన్నొగ్గీండి' అంటాది." చెప్పి, కండువాతో మొహం తుడుచుకుని, నా వైపు చూశాడు.

పత్రికలవాళ్లకి గెడ్డ గురించి ఫోన్లు చేశాను. "కల్వర్టు వార్తలు గోనెడున్నాయి మేడమ్, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నారా?" అన్నారు. పెద్దమనిషి ఒకాయన నా దగ్గర ఉన్నాడు. నాన్నకి వరసకి బావ, నగల కొట్టు మావయ్య. నాకున్న ఏకైక క్లయింటు. ఏటా పుట్టినరోజుకి ఆసుపత్రిలో అరటిపళ్లూ రొట్టెలూ పంచి, పేపర్లో ఫొటో వేయించుకోవడం ఆయన ఆనవాయితీ. ఆ ఏడు ఆ పని నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, ఆసుపత్రిలో అందరూ పంచుతున్నారు. మనం రోగుల గుమ్మంలోకే వెళ్లి పంచుదాం" అన్నాను. "నువ్వు సానా పైకొస్తావే" అని మెచ్చుకున్నాడు పాపం.

పుట్టినరోజు నాడు మల్లెపువ్వులాంటి పంచె, పట్టు కండువా, మెళ్లో గొలుసుతో గెడ్డ ఒడ్డున దిగాడు. నీళ్లు మోకాళ్ల లోతు. ముందు విలేకర్లు దాటి, అవతలి ఒడ్డున కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన పళ్లబుట్ట చేత పట్టుకుని, వాళ్లకేసి నవ్వుతూ అడుగేశాడు. అడుగు పాచి పట్టిన బండ మీద పడింది. "ఓలమ్మో!" అన్న కేక ఒకటే వినబడింది, తర్వాత గొలుసు వరకూ నీళ్లలో ఉన్నాడు. అరటిపళ్లు అత్తాలు అత్తాలుగా సముద్రం వైపు ప్రయాణం కట్టాయి. సరిగ్గా అప్పుడే, డయాలసిస్ నుంచి తిరిగొస్తున్న అవ్వని కుర్చీలో పెట్టుకుని, కొడుకూ అల్లుడూ ఆయన వెనకాలే గెడ్డలో దిగారు. మోస్తున్న చేతులు ఖాళీ లేవు కదా, వాళ్లు ఆయన్ని లేపలేకపోయారు. అవ్వ ఒక్కతే పైనుంచి వంగి, "అయ్యో బాబూ, దెబ్బ తగిలినాదేటి?" అని అడిగింది. రెండు కాళ్లూ ఉబ్బిపోయి, తల నిలబెట్టలేని మనిషి అడిగిన మాట అది.

మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే ఫొటో. ముందు నీళ్లలో మావయ్య, వెనక మనుషుల భుజాల మీద, గాలిలో అవ్వ. నేనెన్ని ప్రెస్ నోట్లు రాసినా దానికి సాటి రాలేదు. వారం తిరక్కుండా జీపులు వచ్చాయి, కొలతలు తీశారు, పని మంజూరైంది. ఊరు ఊరంతా నన్ను తలుచుకుంది. మావయ్య మాత్రం ఇత్తడి కొట్టుకొచ్చి, నాన్న ముందే, "పేరు తెమ్మంటే పరువు గెడ్డలో కలిపేసినాది నీ కూతురు!" అని అరిచి వెళ్లిపోయాడు. (ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే మొహం తిప్పుకుంటాడు. నాకు జాలేస్తుంది. జిల్లాలో ఒక కల్వర్టు కట్టించిన మనిషి ఆయన, ఆ సంగతి ఆయనకే తెలియదు.) ఉన్న ఒక్క క్లయింటూ పోయాక ఏజెన్సీ ఏముంది? నాలుగు నెలలు ఎలాగో నెట్టుకొచ్చి, ఇక మూసేసి, విశాఖలో ఎవరి కిందో ఉద్యోగంలో చేరిపోవడానికి ఒప్పేసుకున్నాను.

గది ఖాళీ చేసే రోజు కూడా సోమవారమే అయింది. కంప్యూటరు దుప్పట్లో మూటగట్టి కూర్చున్నాను. నెల రోజులుగా కనబడని తాత మెట్లెక్కి వచ్చాడు. ఈసారి ఆయాసపడుతున్నా కూర్చోలేదు.

"పని అయిపోనాదమ్మా. కల్వర్టు గట్టిగున్నాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే అవ్వ ఇంక బండిలోనే వెళ్తోందన్నమాట!"

"బండిలోనే ఎల్నాది. రాడం కూడా బండిలోనే వచ్చినాది. తిన్నగా గుమ్మంలోకే తెచ్చి దించినారు." కండువా నోటికి అడ్డం పెట్టుకుని అన్నాడు. "మనిషే లేదు గానీ, ఎవుల బుజమూ నొప్పెట్టలేదు. దానికదే కావాల."

నేను వలవలా ఏడ్చేశాను. ఓదార్చాల్సిందాన్ని నేను, ఆయనే నా తల మీద చెయ్యేసి, "ఊరుకో తల్లీ, ఊరుకో" అన్నాడు. నా ఏడుపు తగ్గాక అడిగాడు: "ఇంత పని సేసినావు, పెమోసనిచ్చినారా?"

"లేదు తాతా."

"పోన్లే, ఇవ్వకపోడమే మంచిది. ఇస్తే ట్రానుస్పరు సేసీస్తారు. దాని అస్తికలు వంశధారలో కలపడానికి ముఖలింగం ఎల్నాను గదా, అక్కడే సామికి దండమెట్టుకున్నాను. మా ఆపీసరమ్మని ఇక్కడ్నించి కదపొద్దని." అప్పుడు చూశాడు మూటలు. నా వైపూ, మూటల వైపూ చూస్తూ నిలబడ్డాడు. నేను కంప్యూటరు మీది దుప్పటి విప్పాను.

ఇప్పుడు నాకు క్లయింట్లు ఉన్నారు, స్కూళ్లూ ఆసుపత్రులూ, రెండు రైసు మిల్లులూ. అద్దె ఇచ్చుకోగలుగుతున్నాను. బోర్డు మార్చమని చాలామంది చెప్పారు, మార్చలేదు. సోమవారాలు ఇంకా మెట్లెక్కి వస్తూనే ఉంటారు. ఆయాసం తీరేదాకా కూర్చోబెట్టి, "ఏటి తాతా, సెప్పు" అంటాను. విశాఖ వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో అద్దాల ఆఫీసులు చూస్తే, ఏడాదిలో ఇక్కడికి వచ్చేస్తానన్న ఆ గుంట గుర్తొచ్చి నవ్వుకుంటాను. ముఖలింగేశ్వరుడి దగ్గర తాత పలుకుబడి గట్టిదే. ఇన్నేళ్లయినా నాకు ట్రాన్స్‌ఫర్ రాలేదు.