తోట ట్రాక్టరు సీటు

ఎవరైనా కొత్త ట్రాక్టరు కొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బంతిపూల దండలేసి ఊరేగిస్తుంటే నేను మొహం అటు తిప్పుకుని పోతాను. ముసలాడికి అసూయ అనుకుంటారు మా వీధిలో వాళ్ళు. అనుకోనీండి. ఈ వయసులో ఒకళ్ళకి సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు.

మాది దివిసీమలో, అవనిగడ్డకీ నాగాయలంకకీ మధ్య ఒక ఊరు. ఊరంటే ఊళ్ళో కాదు, ఊరికి ఎడంగా ఉన్న పేటలో. మా నాన్న కామందుగారి దగ్గర పాలేరు. కామందు వీధిలోంచి వెళ్ళాలంటే మా వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకోవాలి. సైకిలుంటే దిగి నడిపించుకుపోవాలి. కామందు ఎదురొస్తే నాన్న భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, రోడ్డు దిగి, తల వంచుకుని నిలబడేవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఒళ్ళు దానంతటదే వంగేది. చిన్నప్పుడు అది చూసి నాకు ఏడుపొచ్చేది. పెద్దయ్యాక ఒళ్ళు మండేది.

నేను బందరులో మిషను స్కూల్లో ఇనప పని నేర్చుకుని, గుడివాడలో ఒక మెకానిక్కు షెడ్డులో చేరాను. అక్కడ లారీల వాళ్ళు నన్ను మేస్త్రీగారూ అనేవారు. పామర్రులో బస్సు మారి మా ఊళ్ళో దిగేసరికి ఆ గారు ఎక్కడ జారిపోయేదో, మళ్ళీ ఒరే ఒరే.

బెజవాడ దగ్గర కొత్త బ్యారేజీ కట్టిన తర్వాత మాట ఇది. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. బందరులో ఒక తెల్లదొర దేశం వదిలి పోతూ తన తోట ట్రాక్టరు అమ్మేస్తే మా కామందు కొన్నాడు. మామిడి చెట్ల మధ్య దున్నుకోవడానికి పనికొచ్చే చిన్న బండి. పెట్రోలుతో లేపాలి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడపాలి. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే ఒక్కోసారి ఎదురు తన్నేది, మణికట్టు విరగడం ఖాయం. అదీ బందరు దాటకుండానే చచ్చిపోయింది. ఎడ్లు కట్టి తోట దాకా లాక్కొచ్చారు. ఎద్దుల్ని మానిపించడానికి కొన్న బండి ఎద్దుల వెనకాల వచ్చిందని ఊరంతా నవ్వుకుంది. కామందు వినకుండా నవ్వుకుందిలెండి.

ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూసి పెదవి విరిచి పోయారు. అప్పుడు నేను గుర్తొచ్చాను. నాన్నతో కబురు పెడితే వచ్చి, విప్పి చూశాను. గేరుబాక్సు బంగారంలా ఉంది, ఇంజనుకే ఆయువు తీరింది. దీన్ని బాగుచెయ్యడం దండగండీ, కొత్త డీజిలు ఇంజను తెచ్చి పెడదాం, లైట్లు కూడా వేద్దాం అన్నాను. కామందు మీసం దువ్వుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"ఒరే, నువ్వు దీన్ని బతికించు. ఆ సీటు నీదే. నా తోటకి నువ్వే డ్రైవరువి."

ఆ మాట నాన్న ఎదురుగా అన్నాడు. నాన్న నా వైపు చూడలేదు. తువ్వాల అంచు పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు. సంతోషం వస్తే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

నిజం చెప్తున్నాను, నాకు జీతం మీద యావ లేదు. గుడివాడలో నా తిండి నాకుంది. నాకు కావలసింది ఆ సీటు. దాని మీద కూర్చుని, కాళ్ళకి చెప్పులతో, కామందు వీధిలోంచి దర్జాగా వెళ్ళాలి. అది మా నాన్న తలెత్తి చూడాలి. అంతే. అంతకన్నా పెద్ద కోరిక ఆ తర్వాత కూడా నాకు ఏదీ పుట్టలేదు.

అమ్మ ఆగలేకపోయింది. ఉద్యోగం చేతికి రాకముందే ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది, ప్రభువు నా కొడుక్కి డ్రైవరు ఉద్యోగం ఇచ్చాడని. గుడ్లు పెట్టే కోడిపెట్టని కృతజ్ఞత కానుకగా ఇచ్చేసింది. అంత తొందరేమిటమ్మా అంటే, నమ్మకం అంటే ముందే చెప్పడం రా అంది. ఆ పెట్ట ఉసురు తగిలిందేమో మరి.

షెడ్డులో సెలవు పెట్టి తోటలోనే మకాం వేశాను. కొత్త ఇంజనుకీ పాత గేరుబాక్సుకీ బోల్టుల రంధ్రాలు కలిసి చావలేదు. అట్టముక్క మీద కొలతలు గీసుకుని, దళసరి ఇనప పలక కోయించి, మధ్యలో బిగించాను. మొదటి పలక వెంట్రుకవాసి తేడా వచ్చి గీరుకుంది. మళ్ళీ కోయించాను. ఇంజను బెత్తెడు ఎత్తయింది, పైరేకు పట్టలేదు, దాన్నీ కోసి పెంచాను. డైనమో, బ్యాటరీ, ముందు రెండు పెద్ద లైట్లు, వెనక ఒక ఎర్ర లైటు. సీటు ఒట్టి ఇనప రేకు. దాని మీదకి అమ్మ బూరుగు దూది కూరి ఒక మెత్త కుట్టిచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నా ఖర్మ, ఆగలేదు. పాడైపోయిన జీపు తాలూకు సెల్ఫు మోటారు ఒకటి షెడ్డులో పడుంది. మా షెడ్డు యజమానిని బతిమాలి అది తెచ్చాను. నాన్న చూస్తుండగా నేను చెమటలు కక్కుతూ హ్యాండిలు తిప్పడం ఏం బాగుంటుంది? దొరలాగా కూర్చుని ఒక్క బొత్తాం నొక్కాలి, బండి లేవాలి. ఆ ముచ్చట కోసం నాలుగు రోజులు కుస్తీ పట్టి బిగించాను. బొత్తాం నొక్కితే బండి భగ్గుమని లేచింది. నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నానని అప్పుడు తెలియలేదు.

పూజ రోజున తెల్లచొక్కా తొడుక్కుని వెళ్ళాను. బండి చుట్టూ కామందు చుట్టాలంతా ఉన్నారు. నన్ను కంచె దగ్గరే ఉండమన్నారు, నాన్న పక్కన. పూజ కదా, సరే అనుకున్నాను. అమ్మ కుట్టిన మెత్త తీసి కంచె మీదకి విసిరారు. సీటుని పసుపునీళ్ళతో కడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. కొత్త వెల్వెట్టు మెత్త వేశారు. లైట్లకి బొట్లు పెట్టారు. అప్పుడు కామందుగారి బావమరిది, ఏ పనీ పాటా లేకుండా అక్కగారింట్లో తిని కూర్చునే మనిషి, ఇస్త్రీ చొక్కాతో వచ్చి ఎక్కి కూర్చున్నాడు. బొత్తాం నొక్కాడు. బండి లేచింది. ఎందుకు లేవదు, చేసింది నేను కదా. హ్యాండిలు బండి అయితే ఆ మహానుభావుడు దాని ఛాయలకి కూడా వచ్చేవాడు కాదు.

అందరూ భోజనాలకి కదిలాక కామందు దగ్గరికి వెళ్ళి, నాకు ఇస్తానన్న సీటు సంగతి అడిగాను. ఆయన కోప్పడలేదు, అదే నన్ను ఇంకా చంపింది.

"బొత్తాం నొక్కితే పోయేదానికి మళ్ళీ నువ్వెందుకురా? ఎప్పుడైనా చెడితే కబురు చేస్తాలే."

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. మెత్త చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. వాళ్ళ బండి వాళ్ళిష్టం, పోనీరా అన్నాడు నాన్న. ఆ పోనీరా విని ఆయన మీదే విరుచుకుపడ్డాను, జన్మంతా పోనీలే అన్నావు గనకే మన బతుకులిట్లా ఉన్నాయని. అమ్మ ఆ తర్వాత రెండు ఆదివారాలు గుడికి వెళ్ళలేదు, ఆడవాళ్ళు అడుగుతారని.

ఆరేడు నెలలకి గుడివాడ షెడ్డుకి బస్సు కండక్టరు చేత చీటీ వచ్చింది. బండి లేవడం లేదు, లైట్లు వెలగడం లేదు, వెంటనే రమ్మని. చింపి పారేద్దామనుకున్నాను. కానీ నాన్న ఆ గుమ్మంలోనే పనిచేస్తున్నాడు కదా, నా పొగరు ఆయన వీపు మీద పడుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళాను. ఇంటికి కూడా పోకుండా నేరుగా తోటకే వెళ్ళాను, నేనొచ్చినట్టు నాన్నకి తెలియదు.

బ్యాటరీలో నీళ్ళు పోసే దిక్కు లేక ఎండబెట్టేశారు. ఉప్పుగాలికి వైర్ల కొసలన్నీ చిలుం పట్టాయి. నేను తెచ్చిన బ్యాటరీ పెట్టి, కొసలన్నీ గీకి, మళ్ళీ బిగించేసరికి పొద్దు వాలింది. బావమరిది ఊళ్ళో లేడట. కామందు అరుగు మీంచే, అలా కాలవ గట్టు దాకా వెళ్ళి రా, లైట్లు ఎలా ఉన్నాయో చూడు అన్నాడు.

అలా దొరికింది నాకు ఆ సీటు, చెడిన బండిని నడిపి చూడటానికి. అయినా సంబరపడ్డాను, సిగ్గు లేకుండా. చెప్పులతోనే ఎక్కాను. బొత్తాం నొక్కి, లైట్లు రెండూ వేసి, ఆ వీధిలోంచి, సరిగ్గా మధ్యలోంచి తోలాను. అరుగుల మీది వాళ్ళు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

వీధి దాటి గట్టెక్కాను. ఎదురుగా ఎవరో పార భుజాన వేసుకుని వస్తున్నారు. నడక చూడగానే తెలిసింది నాన్నేనని. నా కోరిక తీరబోతోంది అనుకున్నాను.

ఆయన లైట్లు చూశాడు. పార దింపాడు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గట్టు దిగి, కాలవ నీళ్ళలో పిక్కల లోతున తల వంచుకుని నిలబడ్డాడు. బండి ఆపి నాన్నా అని పిలిచాను. డీజిలు చప్పుడులో ఏం వినపడుతుంది? ఏదో గద్దింపు అనుకున్నట్టున్నాడు, ఇంకా వంగాడు. దిగి చెయ్యి పట్టుకుని పైకి లాగొచ్చు. దిగితే, కొడుక్కే తల వంచానని ఆయనకి తెలిసిపోతుంది. దిగలేదు. గేరు వేసి ముందుకి పోయాను.

బండి అప్పజెప్పి నడుచుకుంటూ ఇంటికెళ్ళేసరికి నాన్న అన్నం ముందు కూర్చున్నాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. నువ్వొచ్చి బాగుచేశావన్నమాట, అదీ సంగతి, లైట్లు ఎంత వెలుగురా, కళ్ళు తెరవలేకపోయాను, మా వాడు వేసిన లైట్లే అనుకున్నాను అని గబగబా చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నా ముందు బండి ఆపారురా. ఏం తప్పు చేశానో అని భయపడి చచ్చాను. ఎవరంటావు తోలింది?"

"బావమరిదిగారు అయ్యుంటారులే నాన్నా" అన్నాను.

ఆయన తలూపి, అన్నం కలుపుకున్నాడు.