మామ విస్తరిలో ఉప్పు

చాప ఇటు లాక్కుని గడప దగ్గరే కూర్చోండి. ఈ ఏడు పెద్దల అమావాస్యకు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా మామ తెల్లవాళ్ళ పటాలంలో సిపాయిగా సముద్రం దాటిపోయి యుద్ధంలో పట్టుబడ్డాడు. అక్కడే తెల్లవాళ్ళను తరమడానికి మనవాళ్ళు ఇంకో పటాలం కడితే అందులో చేరాడు. మా ఊరు కెంచనగుడ్డకు తిరిగొచ్చాక కొందరు దండం పెట్టారు, కొందరు ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడన్నారు. ఆయన మాత్రం ఉప్పు మానేశాడు, అంతే.

కోడలిగా వచ్చిన కొత్తలో అడిగాను, ఆయన పప్పు వేరే గిన్నెలో ఎందుకని.

"పటాలం మారింది తప్పని ఏ పొద్దూ అనుకోలేదమ్మా. మళ్ళా పిలిచినా మారుతా. అయితే తిన్న ఉప్పు తిన్నదే గదా. కట్టె కాలేదాకా నాకు సప్పిడి కూడే," అని నవ్వాడు.

ఆయన పోయాక కూడా ఏటా పెద్దలకు ఎడె, అదే నైవేద్యం, పెట్టేటప్పుడు ఆయన పేరున వేసే విస్తరిలో చప్పిడి పప్పే వడ్డించాను. లేకపోతే ఆయన ముట్టడని నా నమ్మకం.

ఈసారి కొత్త కోడలు తెలియక రెండు గిన్నెల్లోనూ ఉప్పు వేసేసింది. ఆమెకు మామ ఒట్టు సంగతి చెప్పి నేను వేరే పప్పుకు ఎసరు పెట్టబోతుంటే, భోజనానికి వచ్చిన మరిది, మా ఆయన చిన్నాన్న కొడుకు, పడసాలలోంచి కేకేశాడు.

"ఏంది వదినా, జైలు కూడు ఇంకా ఉడకలేదా? చేసిన ద్రోహానికి మా పెదనాయనకు చచ్చినా సప్పిడేనా!"

అందరూ నవ్వారు. నా చెయ్యి ఆగిపోయింది. నేను భక్తిగా పెడుతున్న కూడు వీళ్ళ కళ్ళకు శిక్షలాగుంది. రేపు మా పిల్లలకు ఆయన గురించి మిగిలేది ఈ మాటే.

"తాత ఆ పొద్దు ఏమన్న్యాడత్తా?" అంది కోడలు.

"కట్టె కాలేదాకా సప్పిడి అన్న్యాడే."

"అది ఎప్పుడో కాలింది గదత్తా!"

ఔను, తుంగభద్ర ఒడ్డున, నా కళ్ళ ముందే కాలింది. ఆయన మాట పొల్లుపోకుండా గుర్తుంచుకున్న నేను, దాని గడువు మాత్రం చూసుకోలేదు.

ఉప్పు వేసిన పప్పునే విస్తరిలో వడ్డించి, పక్కన చిటికెడు కల్లుప్పు పెట్టాను.

"ఆయన ఒట్టు తీరిపోయిందప్పా," అన్నాను మరిదితో. "నువ్వూ ఈ ఇంటి ఉప్పే తింటాండావు. చూసుకుని మాట్లాడు."

"తప్పాయ లే వదినా," అని లేచి, ఆ విస్తరికి మొక్కి, అప్పుడు కూర్చున్నాడు తిండికి.

ఇక ఏటా ఉప్పే. మీ ఇంటి ఉప్పుజాడి ఎన్నడూ అడుగంటకూడదు. మీ పెద్దల మంచి మీ పిల్లల నోట చల్లగా నిలవాలి.