లెక్కకు నిలవని అక్కగార్లు

ఫ్యాక్టరీ స్టోర్‌లో సరుకు లెక్కలు రాసి రిటైరయ్యాక బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. చేతి అలవాటు మాత్రం మారలేదు. ఏ బొమ్మకైనా ముందు స్కేలు పెట్టి గళ్లు గీస్తాను, వెనక తేదీ వేస్తాను. హోసూరు పక్క మూకండపల్లిలో మా ముందుగది గోడకు ఆనించి ఉన్నవన్నీ అక్కగార్ల బొమ్మలే. నీళ్ల దగ్గర ఉండే ఏడుగురు దేవకన్యలు వాళ్లు. మేం పుట్టిన ఊరి కుంట గట్టున పసుపు పూసిన రాళ్లుగా ఉంటారు. చలికాలంలో మంచు దిగిన తెల్లవారుజామున రాళ్లను వదిలి స్నానానికి దిగుతారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

నేను ఎప్పుడూ చూడలేదు. మా అక్క చూసింది. చిన్నప్పుడు ఆవుకు గడ్డి కోయడానికి పోయి, రాగిచేని గనిమ గట్టు మీద కొడవలి పట్టుకుని అట్లాగే నిలబడిపోయిందట. ఆమె నోట ఆ కథ విని విని వేసినవే నా బొమ్మలన్నీ.

ఈ సంవత్సరం అక్కకు చూపు తగ్గుతూ వచ్చింది. మా జిల్లాలోనే పోచంపల్లి పక్కన ఆమె ఉండే ఊరి నుంచి పిలుచుకొచ్చి హోసూరులో చూపిస్తే, ఉన్న చూపు కూడా ఎన్నాళ్లో నిలవదన్నాడు డాక్టరు. అది ఉండగానే, ఆమె చూసిన అక్కగార్లను ఆమెకు చూపించాలనుకున్నాను. పెద్ద కాన్వాసు తెచ్చి, సమంగా భాగాలు చేసి, ఏడుగురినీ ఎవరి గడిలో వాళ్లను నిలబెట్టాను.

అక్క ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

“బాగుండారు. ఎవరమ్మా వీళ్లు?”

“అక్కగార్లు కదక్కా.”

“రేషనంగడి ముందర నిలబడినట్టుండారే. లెక్క పెట్టి గీసినావా ఏమి?”

“ఏడుగురే కదా?”

“అది నోటిమాట. పసుపు పూసేటప్పుడు అమ్మ ఎప్పుడన్నా లెక్క పెట్టిందా? చెయ్యి యాడికి పోతే ఆడ పూసేది. లెక్క పెడితే ఒకామె తప్పుకుంటుంది. ఆ పొద్దు నేను చూస్తే అయిదుగురు, కన్ను నలుపుకొని చూస్తే తొమ్మిదిమంది. మంచు ఏదో మనిషి ఏదో ఎవరికి తెలిసింది?”

నవ్వేసి ఊరుకున్నాను గాని, ఆ మధ్యాహ్నమంతా బొమ్మ ముందే కూర్చున్నాను. గళ్లు లేకుండా గీయడం నాకు చేతకాదు. మరునాడు తెల్లరంగు బాగా పలుచన చేసి, తడిగుడ్డతో అందరి మీదా పూశాను. ఒకామె భుజం పోయింది. రెండు జడలు కలిసి ఒకటే నీటిపాయ అయ్యాయి. రంగు జారిన చోట ఎవరో వంగి దోసిట నీళ్లు పడుతున్నట్టు కనిపించింది. ఆమెను నేను వేయలేదు. ఇంకొంచెం దిద్దాలని చెయ్యి పోయింది. ఆపి, కుంచె కడిగేశాను.

రంగు ఆరాక అక్కను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కాన్వాసును ఆమె కాళ్ల ముందర నేల మీదే నిలబెట్టాను. వీధిలో కంపెనీ బస్సు షిఫ్టు వాళ్లను దింపి పోయింది. అక్క నెమ్మదిగా చీర కుచ్చిళ్లను చేత్తో కూడదీసుకుని, తడవకుండా పైకెత్తి పట్టుకుంది.