కిటా సీటుకు మా తయారీ

జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ పక్కన మేముండే చిన్న ఊళ్లో కిటాలు, అంటే చిన్నపిల్లల బడులు, మూడే. ఒకటి మునిసిపాలిటీది, ఒకటి చర్చిది, ఒకటి అడవిలోది. అడవిలోది అంటే నిజంగా అడవే. వాన పడినా పిల్లలు చెట్ల కిందే ఉంటారట. ఆ మాట వినగానే దాన్ని కొట్టేశాను. మిగిలిన రెంటిలో చదువు ఎందులో బాగుంటుందని పక్కింటావిడను అడిగాను. మునిసిపాలిటీ దాంట్లో పిల్లలు ఆడుకునే ఇసుక బాగుంటుందని చెప్పింది ఆవిడ.

సెప్టెంబరులో నేను ఉద్యోగంలో చేరాలి. మా మూడేళ్ల పాపకు సీటు దొరక్కపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకే మునిసిపాలిటీ కిటాలో టెర్మిన్, అంటే వచ్చి కలవమని ఒక తేదీ, దొరికిన రోజు నుంచీ పాపతో అంకెలు, రంగులు, నాలుగు రైమ్స్ బట్టీ పట్టించాను.

"గిది కిటానా, కలెక్టర్ ఉద్యోగమా? పోరిని ఎందుకు సతాయిస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"హైదరాబాదుల ఎల్కేజీకే నాకు ఇంటర్వ్యూ పెట్టిన్రు. నీకేం ఎరుక," అన్నాను.

టెర్మిన్ నాడు పాపకు పట్టులంగా కట్టి, తను గీసిన బొమ్మలన్నీ ఫైలులో పెట్టుకుని వెళ్లాను. కిటా పెద్దావిడ టీకాల కార్డు ఒక్కటే చూసింది. నేను సైగ చేస్తే పాప ఇరవై దాకా గడగడా అప్పజెప్పింది. ఆవిడ మర్యాదగా విని, "అన్నం తనే తింటుందా?" అని అడిగింది.

తింటుందని చెప్పేశాను. సీటు చేతికందే వేళ నిజం చెప్పేంత ధైర్యం నాకు లేదు.

సీటు వచ్చింది. కాకపోతే మొదట్లో నేనూ పక్కన కూర్చోవాలి. నేను లేకుండా ఉండగలదని తేలితేనే పాపను రోజంతా ఉంచుకుంటారు. మూడో రోజు భోజనాల దగ్గర నా బండారం బయటపడింది. పిల్లలంతా ఫోర్కులతో ఆలుగడ్డలు తింటుంటే, మా పాప చేతులు ఒళ్లో పెట్టుకుని, నావైపు తిరిగి నోరు తెరిచింది. ఇంట్లో రోజూ నేనే ముద్దలు పెడతాను మరి. లేవబోయాను. పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆగండి," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. పాప కాసేపు చూసి నోరు మూసుకుంది. ఫోర్కును పక్కకు నెట్టి, ఆలుగడ్డను చేత్తో పిసికి తినేసింది. పక్కనున్న పిల్ల కూడా ఫోర్కు వదిలేసింది.

"రేపటి నుంచి భోజనాల వేళ మీరు బయట ఉండొచ్చు," అంది పెద్దావిడ.

నాకు కావలసింది అదే. మర్నాడు బయట బెంచీ మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను. మాట రాకముందే ఏడుపొచ్చింది.

"ఏమైంది? పోరి ఏడుస్తున్నదా?"

"లేదు," అన్నాను. "ఒక్కతే తింటున్నది."