ఏటి అన్నందుకు దొరికిన కత్తెర

కడుపు కోయకుండా, నాలుగు చిన్న కన్నాలు పెట్టి కిడ్నీ ఆపరేషన్లు చేయడం నేర్చుకుందామని కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. పదహారు నెలల్లో నేను క్షుణ్ణంగా నేర్చుకున్నది కన్నంలో దూర్చిన కెమెరా పట్టుకోవడం. ప్రొఫెసరుగారు చేస్తారు, నేను తెర మీద చూపిస్తాను. బొమ్మ వంకరపోతే తిడతారు, మసకబారితే తిడతారు, సరిగ్గా ఉంటే నేనున్న సంగతే మరిచిపోతారు. రోగికి కోత తక్కువ, నాకు పని తక్కువ.

నాకంటే ఏడాది ముందు చేరిన బెంగాలీ సీనియర్ ఒకాయన ఉండేవాడు. అందరికీ దాదా, అంటే అన్న. ఆయన చేతికి అప్పటికే కత్తెర వచ్చింది. నా వంతెప్పుడని అడిగితే "హోబే, హోబే" అనేవాడు. అవుతుందిలే అని. ఎప్పుడన్నది ఆ మాటలో ఉండదు.

ఆ కత్తెర కోసం నది అవతల టికియాపారాలో మా నాన్నకిచ్చిన రైల్వే క్వార్టర్లో తపస్సు చేసేవాణ్ణి. అట్టపెట్టెకి కన్నాలు పొడిచి, లోపల ఫోను పెట్టి, పొడుగాటి పనిముట్లతో కోడితోలుకి కుట్లు వేసేవాణ్ణి. ఈ విద్యలో చెయ్యి కుడికి తిప్పితే లోపల మొన ఎడమకి పోతుంది. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏటిరా అది? సచ్చిన కోడికి కుట్లేటి?"

"ప్రాక్టీసమ్మా."

"మానుతాదేటి అది? సాల్లే గానీ, మిగతా కోడిని కూరకియ్యి."

ఇంతకాలంలో నా చేతిపని మీద ఎవరైనా అభిప్రాయం చెప్పడం అదొక్కసారే.

ప్రొఫెసరుగారికి ఒక నియమం ఉంది. తెర మీద మూత్రనాళాన్ని సరిగ్గా గుర్తుపట్టినవాడికే కత్తెర. వినడానికి తేలికే. కిడ్నీ నుంచి మూత్రం దిగే ఆ గొట్టం పక్కనే, దాదాపు దానిలాగే ఉండే రక్తనాళం కూడా ఒకటి దిగుతుంది. పొరపాటున దాన్ని కోస్తే తెరంతా ఎర్రబడుతుంది. ఆ తర్వాత గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆ రోజు బల్ల మీద ఉన్నాయన మూత్రనాళం పైన ఒకచోట ఇరుకైపోయింది. ఆ ముక్క కోసేసి తిరిగి కలిపి కుట్టాలి. ప్రొఫెసరుగారు లోపల రెండు గొట్టాలనీ పనిముట్టు మొనతో మార్చి మార్చి తట్టి, ఒకదాని మీద ఆగి, హఠాత్తుగా నా వైపు తిరిగారు.

"బోల్, యురేటర్ కోన్‌టా?"

మూత్రనాళం ఏదో చెప్పమని. పదహారు నెలల్లో ఆయన నన్ను ప్రశ్న అడగడం మొదటిసారి. నన్నేనా అనుకున్నాను. భయానికి బెంగాలీ పోయింది, ఇంగ్లీషు పోయింది. మా అమ్మ భాష ఒక్కటే మిగిలింది.

"ఏటి?" అన్నాను.

బెంగాలీలో ఎటి అంటే "ఇదే" అని.

"బేశ్!" అన్నారాయన. భేష్ అన్నట్టే. "దీదీ, ఓకే కాంచి దాఓ." నర్సు దీదీ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. కెమెరా దాదా చేతికి వెళ్ళింది. దాదా ముఖానికి మాస్కు ఉండటం మా ఇద్దరికీ మేలయింది.

సుమారు అర నిమిషం నేను మేధావిని. కెమెరా చేతులు మారడంతో తెర మీద బొమ్మ జరిగింది. గొట్టాలు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి. నేను అంత ధీమాగా చూపించింది వాటిలో ఏదో నాకు తెలియలేదు. కత్తెర మొన ఒకదాని దాకా పోయింది, రెండోదాని దాకా పోయింది, మధ్యలో ఆగింది.

"కాట్!" అన్నారు ప్రొఫెసరుగారు. కొయ్యమని.

"సార్, నేను ఎటి అనలేదు. ఏటి అన్నాను."

"తేడా?"

"తెలుగులో అది ప్రశ్న సార్."

ప్రొఫెసరుగారు దాదా వైపు తిరిగారు. "తుయి బోల్." నువ్వు చెప్పు. దాదా తొణకలేదు. ఏడాదికి పైగా కత్తెర పట్టిన మనిషి తొణకడు. "బాఁ దికేరటా, సార్," అన్నాడు. ఎడమవైపుది.

ప్రొఫెసరుగారు ఎడమవైపుదాన్ని మెల్లగా నొక్కారు. అది ఉలకలేదు. కుడివైపుదాన్ని నొక్కారు. అది వానపాములా మెలికలు తిరిగింది. మూత్రనాళం లక్షణం అది. తట్టిలేపితే కదులుతుంది. మా ఇద్దరి కంటే నయం.

కత్తెర ఆయనే తీసుకున్నారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మేమిద్దరం అందులో వేలు పెట్టకపోవడం రోగికి బాగా కలిసొచ్చింది.

బయట చేతులు కడుక్కుంటూ దాదా అన్నాడు: "నోరు మూసుకుని ఉండొచ్చు కదా భాయ్! ఇద్దరికీ కత్తెర ఉండేది."

"తెలియకుండానే కోసేవాణ్ణి దాదా."

"నాకు తెలిసే చేశాననుకున్నావా ఇన్నాళ్ళూ?"

మర్నాటి నుంచి కెమెరా పట్టుకోవడానికి ఇద్దరం వంతులు వేసుకున్నాం. సీనియర్ కదా, మొదటి వంతు ఆయనకే ఇచ్చాను.