మంట ముందు ఎలియోదోరో

గ్వాయాకీల్ శివార్లలో, ఉప్పుకాలువ ఒడ్డున, అందరూ మర్యాదగా దోన్యా అని పిలిచే యూదోసియా చేసిన బొమ్మ లేకుండా ఏ వీధిలోనూ పాత సంవత్సరం కాలదు. కాగితం, జిగురు, రంపపు పొట్టు, పొట్టలో టపాకాయలు. పోయే ఏడాది పేరుతో డిసెంబరు చివరిరోజున తగలబెట్టేదానికి అంత శ్రద్ధగా ముక్కూ మొహం తీర్చే మనిషిని ఆ చుట్టుపక్కల మరొకరిని చూడం.

చిన్నగా గీసిన బొమ్మను గోడకు అంటించి, పక్కన మేకు కొట్టేది. మేకుకు కట్టిన దారాన్ని బొమ్మ ముక్కు మీదుగా లాగి, ముక్కుదాకా ఎంత దారం పట్టిందో దానికి మూడింతల దూరంలో బొగ్గుతో చుక్క పెట్టేది. చెవికో చుక్క, భుజానికో చుక్క, మడమకో చుక్క. కలిపితే అదే మనిషి, అదే వంకర ముక్కు, మూడింతల పొడవున. వంపులు పిసరంత మారవు. కాగితం మాత్రం మూడింతలతో సరిపెట్టుకోదు, తొమ్మిదింతలు మింగుతుంది.

పెంచేది, తగ్గించేది. ఉన్న మనిషిని ఉన్నంతే మాత్రం చేసేది కాదు. అందుకే పక్కింటి సోయిలా ఫొటో పట్టుకొచ్చినప్పుడు ముందు వద్దనే అంది.

సోయిలా మొగుడు ఎలియోదోరో రొయ్యల పడవెక్కి వెళ్లాడు. పడవా రాలేదు, శవమూ రాలేదు.

"కాల్చేస్తాను దోన్యా. ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి. కానీ బొమ్మ ఆయనంతే ఉండాలి. ఒక్కసారి భుజమ్మీద తల పెట్టుకుంటా, అంతే."

"అంతకంతే అయితే అది బొమ్మని ఎవరు చెబుతారే పిల్లా?"

అయినా కాదనడానికి మనసొప్పక చేసింది. తలుపు చట్రానికి ఎలియోదోరో తల తగిలిన జిడ్డుమరక ఇంకా ఉంది. బొమ్మ సరిగ్గా అక్కడిదాకా వచ్చేట్టు దారం లాగింది.

చివరిరోజు పొద్దుగూకేసరికే కుర్రాళ్లు వీధి మధ్య మంట వేశారు. సోయిలాకు చేతులు రాలేదు. బొమ్మను గడప మీద కుర్చీలో, మొహం లోపలికి పెట్టి కూర్చోబెట్టింది. ఆ రోజు మగవాళ్లు చచ్చిపోతున్న పాత సంవత్సరానికి పెళ్లాల్లా నల్లగౌన్లు తొడుక్కుని, ఏడుస్తూ చిల్లర అడుక్కుంటారు. వెల్డింగు లూచో గుమ్మంలోకి తొంగిచూశాడు.

"ఏంటక్కా, నాకు పోటీగా మొదలెట్టావా ఏడుపు?"

"ముందు గడ్డం గీసుకుని ఏడవరా!" అని సోయిలాకు తోడుగా లోపలున్న యూదోసియా కసిరింది.

అతను నవ్వుకుంటూ అవతలికి వెళ్లాడు. ఆడవాళ్లిద్దరూ లోపల గుమ్మానికి వీపు పెట్టి, ఓ పక్కగా కూర్చున్నారు. మంట వెలుగుకి ఎదుటి గోడ మీద బొమ్మ నీడ పడుతోంది.

"దోన్యా," అంది సోయిలా కాసేపటికి. "చూడండి, పెద్దవాడవుతున్నాడు. దగ్గరికొస్తున్నాడు."

నిజమే. నీడ భుజాలు ఇందాక కిటికీ దగ్గర ఆగాయి, ఇప్పుడు దాన్ని దాటాయి. యూదోసియా మనసులోనే దారం లాగి చూసుకుంది. మంట ఉన్నచోటే ఉంది, అది మేకు. గోడ ఎక్కడికీ పోదు. రెండూ కదలకుండా నీడ పెరిగిందంటే మధ్యనున్నవాడే మేకు వైపు జరుగుతుండాలి. ఇంట్లోకొచ్చేవాడి నీడ చిన్నదవుతుంది. ఇది వెళ్తున్నవాడి నీడ.

కుర్చీ కాలు చప్పుడైనా వినబడలేదు.

"రావట్లేదమ్మా," అంది మెల్లగా. "వెళ్లిపోతున్నాడు."

సోయిలా గిరుక్కున తిరిగింది. గడప ఖాళీ. కుర్చీ మెట్టు దిగి, వీధిలో, మంట పక్కన ఉంది. బొమ్మ మొహం ఇంకా ఇంటివైపే ఉంది. కుర్రాళ్లు దూరంగా వీధి చివర ఉన్నారు. లూచో ఒక్కడే గౌను పైకెత్తి పట్టుకుని, వీధి అవతలి గోడకు అతుక్కుపోయి శిలువ గుర్తు వేసుకుంటున్నాడు.

"నేను ముట్టుకోలేదక్కా! అమ్మ మీదొట్టు!"

సోయిలా అతనివైపు చూడలేదు. నడిచివెళ్లి బొమ్మ భుజమ్మీద తల ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఏదో చెవిలో చెప్పి, రెండు చేతులతో తనే మంటలోకి తోసింది. టపాకాయలు పేలాయి.

యూదోసియా అప్పటికీ బయటికి చూడలేదు, గోడకేసే చూస్తోంది. ఇప్పుడు దాని మీద సోయిలా నీడ ఒక్కటే ఉంది. చిన్నదవుతూ, చిన్నదవుతూ గుమ్మందాకా వచ్చింది.